ఏమీ జరగని ఇల్లు

మా రంగూన్ వీధిలో చరిత్ర లేని ఇల్లు ఒక్కటే ఉండేది. నేను అద్దెకున్నది అందులోనే.

మొదట్లో మిగతా ఇళ్లకూ చరిత్ర లేదు. ఒక సోమవారం కార్పొరేషను వాళ్లు వచ్చి, వీధిని అరవై అడుగులకు వెడల్పు చేస్తున్నామని గోడల మీద ఎర్ర గీతలు గీసి వెళ్లారు. మంగళవారం నగర వారసత్వ మండలి వాళ్లు, చారిత్రక ఘటన జరిగిన ఇళ్లను ఎవరూ ముట్టుకోరాదని ఒక ప్రకటన అంటించి వెళ్లారు. బుధవారం పొద్దుటికల్లా వీధి వీధంతా చరిత్ర పుట్టుకొచ్చింది. ఎదురింటి అరుగు మీద ఒక జాతీయ నాయకుడు మజ్జిగ తాగాడు. ఆ పక్కింటి గుమ్మంలో ఆయన చెప్పు తెగింది. మూల మీద మిఠాయి కొట్టువారింట్లో ఒక సంగీత విద్వాంసుడికి ఎక్కిళ్లు వచ్చి, ఆ ఎక్కిళ్లలోంచే ఒక కొత్త స్వరం పుట్టింది. మండలి ఇచ్చిన ధ్రువపత్రాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ నాయకుడు ఒకే సాయంత్రం మా వీధిలో పదకొండు ఇళ్లలో భోజనం చేసినట్టు తేలుతుంది. ఆ తర్వాత ఆయన నిరాహారదీక్షకు కూర్చున్నారంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

నేనుండే ఇల్లు కొప్పిశెట్టి వరహాలమ్మగారిది. కింద ముందుగదిలో ఆవిడ పిండిమర, వెనక గదుల్లో ఆవిడ కాపురం, మేడ మీద గదిలో నేను. ప్లీడరుగారి దగ్గర ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక దరఖాస్తులు రాయడం తప్ప నాకు వేరే విద్య రాదు. వీధిలో సగం చరిత్ర నా చేతిరాతే. మజ్జిగ నాది. ఎక్కిళ్లు కూడా నావే.

ఎర్ర గీత సరిగ్గా వరహాలమ్మగారి మర మధ్యనుంచి పోయింది. గీతకు అవతల పడ్డది కొట్టేస్తే ఆవిడకు మిగిలేది వంటగదీ, వెనక గదీ, నూతిగట్టూ. భర్త పోయాక కూతుర్ని పెంచి పెళ్లి చేసింది ఆ మర మీదే. అది పోతే ఆవిడకు మరో ఆధారం లేదు.

"మీకూ ఒకటి రాసిపెడతానండి. ఎవరో మహానుభావుడు మీ మరలో జొన్నలు ఆడించుకున్నాడందాం" అన్నాను.

ఆవిడ చేతిలో జల్లెడ ఆపలేదు. "పాతికేళ్లుగా మర ఆడిస్తన్నాను గుమాస్తాగారూ. శనగపిండిలో పిడికెడు బఠాణీపిండి కలపలేదు. ఇప్పుడు కాయితంలో కలపమంటారా?"

"మరి ఏం రాయమంటారు?"

"జరిగింది రాయండి."

"ఏం జరిగింది?"

ఆవిడ చాలాసేపు ఆలోచించారు. "ఏం జరగలేదండి" అన్నారు.

నేను నమ్మలేదు. అది నూట నాలుగేళ్ల ఇల్లు. ఆవిడ భర్త తాతగారు రంగూన్‌లో కలప అడితీలో పనిచేసి, ఓడ మీద టేకు దూలాలు తెచ్చి కట్టించారు. అంతకాలంలో ఏదో ఒకటి జరక్కుండా ఎలా ఉంటుందని ఇద్దరం కూర్చుని లెక్క తీశాం. పురుళ్లా? కోడళ్లందరూ పురిటికి వాళ్ల వాళ్ల పుట్టిళ్లకు వెళ్లారు. ఈ ఇంట్లో వరసగా మగపిల్లలే కనుక ఇక్కడికి పురిటికి వచ్చిన ఆడపిల్ల లేదు. పెళ్లిళ్లా? పెళ్లి ఆడపిల్లవారింట జరుగుతుంది, వీళ్లెప్పుడూ తరలి వెళ్లినవాళ్లే. పోనీ చావులా? ప్రాణం పోయే ముందు మనిషిని బయటికి తెచ్చి వీధిలో పడుకోబెట్టడం ఆ కుటుంబంలో ఆనవాయితీ. పెద్దలందరూ వీధిలోనే పోయారు. వరహాలమ్మగారి భర్త పెద్దాసుపత్రిలో పోయారు. ఆ వంశంలో మొదటి ఆడపిల్ల ఆవిడ కూతురు నాగశిరోమణి. ఆ అమ్మాయి అమ్మమ్మగారి ఊళ్లో పుట్టింది, పెళ్లి కల్యాణమండపంలో అయింది. నూట నాలుగేళ్లుగా ఆ ఇంట్లో జనం తిన్నారు, పడుకున్నారు, లేచి మళ్లీ తిన్నారు.

దరఖాస్తులో పద్నాలుగు గళ్లు ఉన్నాయి. పద్నాలుగింటిలోనూ "ఏమీ జరగలేదు" అని రాశాను. అంత సిగ్గుపడుతూ నేను ఏ కాగితమూ రాయలేదు.

పది రోజులకు మండలి నుంచి చారిత్రక విలువల నిర్ధారణాధికారి త్రివిక్రమరావుగారు స్వయంగా వచ్చారు. సన్నగా, పొడుగ్గా, చేతిలో గొడుగుతో ఉన్నారు. కుర్చీ తుడిచి వేస్తే కూర్చుని ఫైలు విప్పారు.

"ప్రస్తుత గృహమునందు ప్రముఖులెవరైనను బస చేసియున్నారా?"

"లేదండి" అన్నారు వరహాలమ్మగారు.

"దారిన పోవుచు మంచినీరు కోరియున్నారా?"

"కుళాయి వీధి మొగలో ఉందండి. అక్కడే తాగేసి వెళ్లిపోయేవోరేమో."

"రహస్య సమావేశములు జరిగినవా?"

"ఈ మర చప్పుడులో రహస్యాలు ఎవరికి వినపడతాయండి?"

"పోలీసు సోదాలు?"

"దొంగలే రాలేదండి. ఇంక పోలీసులెందుకొస్తారు?"

త్రివిక్రమరావుగారు కలం కింద పెట్టి కళ్లజోడు తీశారు. ఆయన కళ్లు చెమర్చాయి. "అమ్మా, ఈ నగరమునందు ఇంతవరకు రెండువందల పన్నెండు గృహములను పరిశీలించితిని. ప్రతి గృహమునందును మహత్తర ఘటనయే జరిగియున్నది. ఏమియు జరుగని గృహము ఇది యొక్కటే. ఇట్టిది మరల లభించదు" అన్నారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "ఏమియు జరుగకపోవుటయే ఈ గృహము యొక్క చారిత్రక విశిష్టత" అని అందులో ఉంది. మజ్జిగకూ చెప్పుకూ మూడో తరగతి వారసత్వ హోదా వస్తే, మా ఇంటికి మొదటి తరగతి వచ్చింది. కార్పొరేషను వాళ్లే సున్నం బకెట్టు తెచ్చి ఎర్ర గీత చెరిపి వెళ్లారు. వరహాలమ్మగారు మినుములు వేయించి, తన మరలోనే ఆడించి, వీధి వీధంతా సున్నుండలు పంచారు. ఎదురింటాయన సున్నుండ తింటూ, "అంత కష్టపడి నాయకుణ్ణి తీసుకొస్తే మాకు మూడో తరగతా? ఈవిడ ఊరికే కూచుని మొదటి తరగతి కొట్టేసింది" అని నాతో వాపోయాడు. ఆ కష్టం నాదే కనుక నేను ఊరుకున్నాను.

కాగితాన్ని రెండో వైపు తిప్పి చూడటం గుమాస్తాల అలవాటు. తిప్పాను. "విశిష్టతకు భంగము కలుగకుండుటకై, ఇకమీదట కూడ ఈ గృహమునందు ఏమియు జరుగరాదు" అని ఉంది.

మర్నాడు ఒక స్టూలూ, ఒక పెద్ద రిజిస్టరూ పట్టుకుని అప్పలకొండ అనే ఆయన దిగాడు. ఆయన హోదా ఘటనా నివారణ పర్యవేక్షకుడు. ఊరు శ్రీకాకుళం అవతల. చాలా మంచివాడు. "నాకేటి తెల్దు బాబూ. గంటగంటకీ ఏటీ నేదని రాయమన్నారు, రాస్తన్నాను" అని వచ్చిన రోజే చెప్పేశాడు.

మర ఆడటం ఘటనా కాదా అని మొదటి అనుమానం వచ్చింది. రోజూ జరిగేది ఘటన కాదు కనుక ఆడవచ్చు, ఆగిపోతే మాత్రం ఘటన అని మండలి తేల్చింది. నెల తిరక్కుండా బెల్టు తెగి మర ఆగింది. ఆగడం ఘటన కనుక, ఆగలేదని రిజిస్టరులో రాశారు. ఆగని మరను బాగుచేయడానికి అనుమతి రాదు. నాలుగు రోజులపాటు జనం డబ్బాలు పట్టుకొచ్చి, ఆడుతున్న మర ముందు నిలబడి, పిండి లేకుండా ఇంటికి వెళ్లారు. ఐదో రోజు అప్పలకొండ కాసేపు కళ్లు మూసుకున్నాడు. నేనూ వరహాలమ్మగారూ బెల్టు మార్చేశాం.

మరోసారి నా భుజం మీద బల్లి పడింది. రాయాలో వద్దో తెలియక అప్పలకొండ మండలికి ఉత్తరం పెట్టాడు. పదిహేను రోజులకు జవాబు వచ్చింది: "నెత్తిమీద పడినచో ఘటన. ఇతర అవయవములమీద పడినచో సాధారణ విషయము. బల్లికి తగు హెచ్చరిక చేయవలెను." హెచ్చరిక చేసినట్టు నాచేత సాక్షి సంతకం పెట్టించుకున్నారు.

ఇలా ఉండగా నాగశిరోమణికి ఏడో నెల వచ్చింది. మొదటి పురుడు పుట్టింట్లోనే కదా. వరహాలమ్మగారు వెళ్లి కూతుర్ని తీసుకొచ్చారు. మర్నాడే త్రివిక్రమరావుగారు గొడుగుతో సహా వచ్చారు.

"ప్రసవము ఆసుపత్రియందు జరుగును గనుక అభ్యంతరము లేదు. శిశువును సద్దు లేకుండ గృహములోనికి తేవలెను. శిశువు ఏడ్చుట నిత్యకృత్యముగా పరిగణింపబడును. గాజులు తొడుగుట, ఉయ్యాల కట్టుట, బారసాల చేయుట నిషేధము."

"ఈ ఇంటికి పురిటికొచ్చిన మొదటి ఆడపిల్లండి ఇది. ఉయ్యాల కట్టకూడదంటే ఎలాగండి?" అన్నారు వరహాలమ్మగారు.

"ఉయ్యాల కట్టినచో నామకరణము జరుగును. నామకరణము జరిగినచో ఘటన యగును. ఘటన జరిగినచో గృహము రోడ్డగును."

ఆవిడ మర వైపు చూశారు. "సరేనండి. ఇల్లుండాలి కదా" అన్నారు. ఆ మాట అనడానికి ఆవిడ ఎంత కష్టపడ్డారో పక్కనున్న నాకు తెలుసు. గాజుల వేడుక ఎదురింటి మజ్జిగ అరుగు మీద కానిచ్చారు.

తర్వాత శిలాఫలకం వచ్చింది. "ఈ గృహమున ఏమియు జరుగలేదు" అని బంగారు రంగు అక్షరాలు చెక్కారు. ఆవిష్కరణకు మంత్రిగారు వస్తారన్నారు. నాకు నోరు ఊరుకోక, "అయ్యా, మంత్రిగారు రావడం ఘటన కాదా?" అని త్రివిక్రమరావుగారిని అడిగాను.

"సభ వీధిలో జరుగును. వీధి మా పరిధిలోనిది కాదు. ఫలకమును గోడ వెలుపలి ముఖమున అమర్చితిమి" అన్నారాయన. అన్నీ ఆలోచించే మనిషి.

ఆ సాయంత్రం వీధికి రెండు వైపులా అడ్డంగా షామియానాలు వేశారు. ఎనిమిది వందల కుర్చీలు, ఆరు మైకులు. నాగశిరోమణికి ఇంకా పది రోజులు గడువుందని డాక్టరమ్మ చెప్పింది. సరిగ్గా మంత్రిగారి మెడలో దండ పడే వేళకు ఆ పిల్లకు నొప్పులు మొదలయ్యాయి. ఆటో కోసం నేను పరిగెత్తాను. వీధి చివర ఇన్‌స్పెక్టరు ఆపాడు. మంత్రిగారు కదిలేదాకా ఎవరూ కదలకూడదన్నాడు. ఆసుపత్రి ఫర్లాంగు దూరంలో ఉంది. అక్కడికి వెళ్లాలంటే వేదిక మధ్యనుంచి నడవాలి.

మా గుమ్మం ముందు బందోబస్తుకు వేసిన ఆడ కానిస్టేబులు పేరు సామ్రాజ్యం. లోపలి కేక విని, లాఠీ గోడకు ఆనించి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లింది. ఆమె తల్లి ఊళ్లో మంత్రసానిట. వరహాలమ్మగారు నీళ్లు కాచారు. అప్పలకొండ స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

"ఇదేటి బాబూ ఇలగైపోతంది? నానేటి రాయాల?" అన్నాడు.

"ఇంకా ఏం జరగలేదు కదా. ఆగు" అన్నాను.

బయట మంత్రిగారు ఊపందుకున్నారు. "ఈ ఇంట్లో నూట నాలుగేళ్లుగా ఏమీ జరగలేదు. మా ప్రభుత్వం ఉన్నంతకాలం ఇక్కడ ఏమీ జరగదని మీకు హామీ ఇస్తున్నాను" అన్నారు. చప్పట్లు మోగాయి. అవి తగ్గుతుండగా లోపల పసిబిడ్డ కేర్‌మంది. కిటికీ పక్కనే మైకు ఉండటంతో ఆ ఏడుపు ఎనిమిది వందల మందికీ వినపడింది. మంత్రిగారు త్రివిక్రమరావుగారి వైపు తిరిగారు. "పిల్లియండీ" అన్నారు త్రివిక్రమరావుగారు. మంత్రిగారు తల ఊపి, మూగజీవాల సంక్షేమం గురించి ఇంకో పావుగంట మాట్లాడారు.

వెనక గది గుమ్మంలోకి వెళ్లేసరికి వరహాలమ్మగారు మనవరాలిని పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఉన్నారు. "చూడండి గుమాస్తాగారూ, మన ఇంట్లో పుట్టింది" అన్నారు. మన ఇల్లు అని ఆవిడ నాతో అనడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. అప్పలకొండ రిజిస్టరులో ఆరు నుంచి ఏడు గంటల గడిలో "పాప" అని రాసి, కింద గీత కూడా గీశాడు. రాత్రికి ఆ గడి కొట్టేసి "ఏమీ లేదు" అని రాయించారు, పక్కన త్రివిక్రమరావుగారు సంతకం పెట్టారు.

జనన ధ్రువపత్రానికి కార్పొరేషను ఆఫీసుకు వెళితే అక్కడి గుమాస్తా రికార్డు తీసి చూశాడు. "ఆ తేదీన, ఆ ఇంటి నంబరులో ఏమీ జరగలేదని ఉందండి. ఏమీ జరగనిచోట జననం ఎలా జరుగుతుంది?" అన్నాడు. ఆసుపత్రివాళ్లు, అక్కడ పుట్టలేదు కనుక తాము ఇవ్వలేమన్నారు. టీకాల గదిలో నర్సమ్మ, పుట్టినట్టు కాగితం లేని పిల్లకు కార్డు రాయడం కుదరదంది. ధ్రువపత్రం లేకపోతే రేపు బడిలో చేర్చుకోరు, రేషను కార్డులో పేరెక్కదు. పిల్ల మాత్రం ఇవేమీ పట్టించుకోకుండా పాలు తాగి నిద్రపోతోంది.

చివరికి వరహాలమ్మగారూ నేనూ పిల్లను ఎత్తుకుని మండలి ఆఫీసుకు వెళ్లాం. త్రివిక్రమరావుగారు పిల్లను చూసి ముచ్చటపడ్డారు కూడా. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే చెయ్యి తడిపి పని జరిపించుకునేవాళ్లం.

"ఒక ఉపాయము కలదు. శిశువు గృహము ఎదుట వీధిలో జన్మించినట్లు వ్రాసుకొనుడు. వీధి మా పరిధి కాదు. గృహమునకును భంగము లేదు, శిశువునకును పత్రము లభించును" అన్నారు.

నాకది బాగానే ఉందనిపించింది. ఉన్నమాట చెప్పాలి కదా, ఆ వాక్యం అప్పుడే మనసులో రాసుకోవడం మొదలుపెట్టాను. వరహాలమ్మగారు పిల్లను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నారు.

"మా మావగారు వీధిలో పోయేరండి. ఆయన తండ్రీ వీధిలోనే పోయేడంట. పోవడం వీధిలోనే, పుట్టడం కూడా వీధిలోనే అయితే ఇంక మాకు ఇల్లెందుకండి?"

"అమ్మా, ఆలోచింపుడు. గృహమున జన్మించెనని వ్రాసినచో మినహాయింపు రద్దగును. ముప్పది దినములలో కూల్చివేతకు వత్తురు."

"ఇంట్లో పుట్టింది. వెనక గదిలో, కిటికీ పక్కన. అలా రాయండి బాబూ."

ఆయన రాశారు. ఆవిడ సంతకం పెట్టారు. ఇంటికి రాగానే దూలానికి ఉయ్యాల కట్టి, తన్మయి అని పేరు పెట్టి, వీధి వాళ్లందర్నీ పిలిచి బారసాల చేశారు. ఇక దాచేది ఏముంది?

ముప్పై ఏళ్ల గుమాస్తాగిరీలో నాకు కాగితం మీద కోపం వచ్చింది ఆరోజే. మండలి నిబంధనల పుస్తకం తెచ్చుకుని మూడు రోజులు కూర్చున్నాను. నాలుగో నిబంధన దగ్గర ఆగాను. "ప్రముఖ వ్యక్తి జన్మించిన గృహము" అని ఉంది. పదకొండోది కూడా చదివాను. దరఖాస్తు తేలేవరకు ఇటుక కదపరాదని ఉంది. అబద్ధం ఒక్క ముక్క లేకుండా దరఖాస్తు రాశాను. కూల్చివేతకు నాలుగు రోజుల ముందు విచారణకు పిలిచారు.

"సదరు ప్రముఖ వ్యక్తి పేరు?" అన్నారు త్రివిక్రమరావుగారు.

"కుమారి తన్మయి."

"వయస్సు?"

"నలభై రోజులండి."

"ఈమె ప్రముఖురాలనుటకు ఆధారమేమి?"

"కాదనడానికి ఆధారమేమిటండి?"

ఆయన పుస్తకం ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి చదివారు. ప్రముఖులు ఎన్నో ఏట ప్రముఖులు కావాలో ఎక్కడా లేదు. పుట్టిన ప్రతివాడూ ఏదో ఒకటి అవుతాడు, ఎప్పుడవుతాడో నిబంధన చెప్పదు. ఆయన ముఖం మెల్లిగా వెలిగింది. "దరఖాస్తు విచారణార్హము. ప్రతి సంవత్సరము జన్మదినమున శిశువును పరిశీలించి నివేదిక సమర్పింపబడును" అన్నారు.

కూల్చడానికి వచ్చిన యంత్రం వెనక్కి వెళ్లింది. వరహాలమ్మగారు నాకు సున్నుండలు పెట్టారు. నేను తింటూ, మండలి ఇచ్చిన కాగితం తిప్పి చూశాను. నివేదికలో రెండు గళ్లు ఉన్నాయి. "ప్రముఖురాలు" అని తేలితే ఇల్లు మ్యూజియమవుతుంది, ఉన్నవాళ్లు ఖాళీ చేయాలి. "సామాన్యురాలు" అని తేలితే ఇల్లు రోడ్డవుతుంది. పిల్ల ఏమవుతుందో ఎప్పటికీ తేలకుండా ఉంటేనే వరహాలమ్మగారికి మర ఉంటుంది.

నాగశిరోమణి భర్తకు ఊరూరా తిరిగే ఉద్యోగం కావడంతో తన్మయి అమ్మమ్మ దగ్గరే పెరిగింది. బడిలో మొదటి ర్యాంకు వచ్చింది. మర్నాడే వరహాలమ్మగారు టీచరమ్మ దగ్గరికి వెళ్లారు. "మా పిల్లని నాలుగో ర్యాంకులో ఉంచండమ్మా. మరీ ఆఖర్న వద్దు, అదీ భయమే" అన్నారు. పరుగు పందెంలో అందరికంటే ముందు వస్తుంటే ఆవిడ గట్టు మీద నిలబడి నెమ్మదిగా రమ్మని చెయ్యి ఊపారు. బాగా పాడుతుందని ఎవరైనా అంటే ఆవిడకు గుండె దడ. ఒక పిల్ల గొప్పదవుతుందేమోనని ఇంట్లో భయపడటం నాకు బాధగా ఉండేది. ఆ కాగితం రాసినవాణ్ణి నేనే కనుక ఎవర్నీ తిట్టడానికి కూడా లేదు.

తన్మయికి ఆరేళ్లు నిండిన రోజున త్రివిక్రమరావుగారు ఎప్పటిలాగే పదకొండు గంటలకు వచ్చారు. కుర్చీ వేశాం. వరహాలమ్మగారు పళ్లెంలో చేగోడీలు, కాఫీ తెచ్చారు. ఆయన తీరిగ్గా తిని, మూతి తుడుచుకుని, ఫైలు విప్పి, కలం మూత తీశారు.

"చిరంజీవీ, పెద్దయిన పిమ్మట ఏమి కాదలచితివి?"

అంతకుముందు ఏడాది ఈ ప్రశ్నకు తన్మయి నిద్రపోయింది. ఈసారి కళ్లు పెద్దవి చేసుకుని ఆలోచిస్తోంది. వరహాలమ్మగారు వెళ్లి మర ఆపారు. డాక్టరనో కలెక్టరనో అంటుందేమోనని నాకు ఒక భయం. ఏమో తెలీదంటే ఇంకో భయం. తన్మయి ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది. కుర్చీ చూసింది, కలం చూసింది, ఖాళీ అయిన చేగోడీల పళ్లెం చూసింది.

"నేను మీలాగ అవుతానండి" అంది.

త్రివిక్రమరావుగారు మురిసిపోయారు. కలం మొదటి గడి మీదికి వెళ్లింది. "ప్రముఖురాలు" అన్న మాట దగ్గర ఆగింది. రాస్తే మండలిలో ఎంతమంది నవ్వుతారో ఆయనకు గుర్తొచ్చినట్టుంది. కలం రెండో గడి మీదికి వచ్చింది. "సామాన్యురాలు" దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగింది. ముప్పై నాలుగేళ్ల సర్వీసున్న మనిషి. తన చేత్తో తాను అక్కడ గీత పెట్టుకోలేకపోయారు.

పావుగంట గడిచింది. సిరా చుక్క ఒకటి రెండు గళ్లకూ మధ్యన పడింది. ఆయన కలానికి మూత పెట్టి, "ఈ విషయము ఇప్పట్లో తేలునట్లు లేదు" అన్నారు.

వరహాలమ్మగారు ఆయన పళ్లెంలో ఇంకో నాలుగు చేగోడీలు వేశారు.